ఎడ్వర్డ్ లారీ

పాలమూరుకు 1890లో మహబూబ్‌నగర్ అనే పేరు వచ్చింది. అది ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు. అంతకు ముందటి ఏడాదే ఆయన రాజధాని హైదరాబాదులో జరిగిన ఒక పరీక్ష పాశ్చాత్య వైద్యుల దృష్టిని ఆకర్షించింది. దానికి సూత్రధారి ఎడ్వర్డ్ లారీ.

లారీ 1846లో జన్మించాడు. ఎడింబరోలో ప్రఖ్యాత శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ వద్ద శిక్షణ పొందాడు. క్లోరోఫాం నొప్పి తెలియనీయదని 1847లో సింప్సన్ లోకానికి చాటినది ఆ నగరంలోనే. అయితే ఆ మందుతో నిద్రించిన రోగి ఒక్కొక్కప్పుడు మరి లేచేవాడు కాదు. గుండె ఆగడమే కారణమని లండన్ వైద్యుల వాదం. ముందుగా ఆగేది ఊపిరేనని, శ్వాసను కనిపెట్టి ఉంటే చాలునని సైమ్ శిష్యుల విశ్వాసం. లారీ గురువు మాటను ఎన్నడూ విడువలేదు.

1885లో హైదరాబాదుకు రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చిన లారీ వైద్య పాఠశాల బాధ్యతను కూడా వహించాడు. 1888లో 141 కుక్కలపై ప్రయోగాలు జరిపించాడు. లండన్‌లోని లాన్సెట్ పత్రిక ఆ ఫలితాలను శంకించింది. లారీ వెనుదీయక, ప్రతినిధిని పంపి స్వయంగా పరీక్షింపజేయవలసిందిగా ఆ పత్రికను కోరాడు. నిజాం 1000 పౌన్లు మంజూరు చేశాడు. 1889 అక్టోబరులో లాడర్ బ్రంటన్ వచ్చాడు. డిసెంబరు దాకా కుక్కలు, కోతులు, మేకలు మొదలైన వందలాది ప్రాణులపై పరీక్షలు సాగాయి. ఆ మూగజీవుల గతి నేటి పాఠకుని కలచక మానదు. సందేహంతో వచ్చిన బ్రంటన్ చివరకు లారీ పక్షమే వహించాడు.

కాని వివాదం సమసిపోలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై ప్రయోగించి మరొక సంగతి కనుగొన్నాడు. మోతాదు మించితే ఊపిరి ముందుగా ఆగుతుందన్న మాట సరే. మగత పూర్తిగా పట్టని స్థితిలో అడ్రినలిన్ ఎక్కిస్తే మాత్రం గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోతున్నది. భయపడినప్పుడు మన దేహమే స్రవించే సహజమైన హార్మోను అది! జాగ్రత్తకని మందు తగ్గించి ఇవ్వడంలోనూ ప్రాణభయమున్నదన్నమాట. లారీ ప్రయోగాలలో కొరత లేదు. వాటి నుండి సర్వత్రా వర్తించే సూత్రం తీయడమే తొందరపాటు.

లారీ 1915లో మరణించాడు. ఆయన పాఠశాలలో 1885లో చేరిన స్త్రీలలో రూపాబాయి ఫర్దూంజీ ఒకరు. 1889లో చదువు ముగించిన ఆమె దాదాపు మూడు దశాబ్దాలు హైదరాబాదు ఆసుపత్రులలో మత్తుమందు వైద్యురాలిగా పనిచేసింది.