బందరు నోబుల్ దొరగారు

బందరు పట్టణమున నోబుల్ అను పేరు వినని విద్యార్థి యుండడు. అయినను ఆ పేరుగల మనుష్యుడెవరని యడిగినచో పలువురు బాలురు తెల్లబోవుదురు. ఘనుడు అను అర్థముగల ఆంగ్లపదమును కళాశాలకు అలంకారముగా పెట్టినారని తలంచువారును కలరు. అది యొక కుటుంబపు ఇంటిపేరు. ఆ యింటివారిలో నొకరు మన సముద్రతీరమునకు వచ్చి యిరువదినాలుగేండ్లు నివసించి, తిరిగి స్వదేశమును చూడకయే యిచ్చట కన్నుమూసిరి.

రాబర్టు టర్లింగ్టన్ నోబుల్‌గారు 1809వ సంవత్సరమున ఇంగ్లండులోని లీస్టరుషైరు మండలమందలి ఫ్రిస్బీ యను పల్లెలో ఒక క్రైస్తవ గురువుగారి యింట జన్మించిరి. కేంబ్రిడ్జిలోని సిడ్నీ ససెక్సు కళాశాలలో విద్యనభ్యసించిరి. చర్చి మిషనరీ సొసైటీవారు 1841లో తెలుగుదేశమునకు పంపిన మొదటి యిద్దరిలో ఆయన యొకరు. రెండవవారు హెన్రీ వాట్సన్ ఫాక్సుగారు. ఫాక్సుగారు ఊరూర తిరిగి తెలుగున బోధించుటకును, నోబుల్‌గారు పట్టణమున నిలిచి పాఠశాల నడపుటకును నిశ్చయించుకొనిరి.

అప్పటి బందరు పూర్వవైభవము తరిగిన పట్టణము. డచ్చివారు, ఫ్రెంచివారు, ఆంగ్లేయులు పోటీపడి కలంకారీ వస్త్రములను ఓడలకెత్తించిన కాలము గతించెను. 1833 నాటి ఘోరక్షామమును జనులింకను మరువలేదు. పిల్లలు వీథిబడిలో ఇసుకపై ఓనమాలు దిద్ది, పద్యములు వల్లించి, లెక్కలు నేర్చి, తండ్రుల వృత్తులలో ప్రవేశించుచుండిరి. ఇట్టి చోటికి వచ్చిన దొరగారు వెంటనే బడి తెరువలేదు. రెండు సంవత్సరములు తెలుగు నేర్చుకొనిరి. పిల్లలకు చెప్పబోవువాడు ముందు తానే పిల్లవాడై కూర్చుండుట నాకు మిక్కిలి ముచ్చటగా తోచును.

1843 నవంబరులో పాఠశాల ప్రారంభమైనది. వచ్చిన బాలురు వ్రేళ్లపై లెక్కింపదగినంతమందియే. దినదినము బైబిలు పాఠము తప్పనిసరి. ఈ సంగతిని ఆయన తల్లిదండ్రుల వద్ద దాచలేదు. సంఖ్య పెంచవలెనను తొందరకన్న, ఉన్న కొలదిమందికి బాగుగా చెప్పవలెనను పట్టుదల యాయనకు హెచ్చు. బడిలో ఎదిగిన విద్యార్థులనే యుపాధ్యాయులుగా తీర్చిదిద్దుట ఆయన పద్ధతి.

ఇక్కడనే యొక లోపమును చెప్పక తప్పదు. ఆ పాఠశాల మొదట ఉన్నతకులములవారికై యేర్పడినది. మాల మాదిగ బిడ్డలకు దాని తలుపు మూయబడియే యుండెను. వారిని చేర్చుకొన్నచో తక్కినవారెవరును రారనియు, పెద్దకులములవారిలో మార్పు వచ్చిన పిదప అది అందరికిని ప్రాకుననియు ఆయన తలంచిరి. ఆ కాలపు చిక్కులు తెలిసినవారు ఆయనను తొందరపడి నిందింపరు. కాని వాకిట నిలువబడిన బాలునికి ఈ తర్కము కడుపు నింపదు గదా.

1852వ సంవత్సరమున పాఠశాల మనుగడకే ముప్పు వచ్చినది. ఐనాల భూషణము, మంచాల రత్నము అను నిద్దరు విద్యార్థులు ఇండ్లు విడిచి నోబుల్‌గారి బంగళాకు వచ్చి క్రైస్తవమతమును స్వీకరించిరి. పట్టణము అట్టుడికినట్లు ఉడికినది. జనులు గుంపులుగా బంగళాను ముట్టడించిరి. చదువునకని పంపిన కొడుకు మరల తమ పంక్తిని కూర్చుండి భోజనము చేయడని తెలిసిన తల్లిదండ్రుల దుఃఖము సామాన్యమైనది కాదు. ఆ యువకులకైనను మనస్సున నమ్మినదొకటి, కన్నవారి కన్నీరొకటి. మధ్యనున్న గురువుగారు వారిని వెడలగొట్టియుండినచో పాఠశాల నిలిచియుండెడిదేమో; ఆయన అట్లు చేయలేదు. తొమ్మిది సంవత్సరముల కష్టము కొలది దినములలో కరగిపోయెను. బడి ఖాళీ అయినది.

పిల్లలు లేని పాఠశాలను ఆయన విడిచిపెట్టలేదు. క్రమక్రమముగా బాలురు మరల వచ్చిరి. గురువుగారి మీది గౌరవ మొక్కటియే యిందులకు కారణమనుట సరికాదు. ఆంగ్లవిద్య నేర్చినవారికి సర్కారు కొలువులలో ప్రాధాన్యమీయవలెనని 1844లో గవర్నరు జనరలు హార్డింజిగారి యుత్తరువు వెలువడియుండెను. గృహస్థులు కోపముతోపాటు కొడుకుల భవిష్యత్తునుకూడ తూచి చూచుకొనిరి. 1855లో జానీ ఆలీ యను మహమ్మదీయ విద్యార్థి క్రైస్తవుడై, తరువాత కేంబ్రిడ్జిలో పట్టము పొంది స్వదేశమునకు తిరిగివచ్చెను. ఎవరి కారణమున బడి ఖాళీ అయినదో ఆ భూషణము, రత్నముగారలే యదే బడిలో ఉపాధ్యాయులై, పిమ్మట గురుపదవిని పొందిరి. ఒకనాడు వారితోడి సహవాసమునకు వెరచి బిడ్డలను మాన్పించిన పట్టణమే మరల తన బిడ్డలను వారి యెదుట కూర్చుండబెట్టినది.

ఫాక్సుగారు రోగగ్రస్తులై స్వదేశమునకు పోయి 1848లోనే మరణించిరి. ఆయన చదివిన రగ్బీ పాఠశాలవారు ఆయన జ్ఞాపకార్థము ధనము కూర్చి, బందరు బడిలో ఒక ఉపాధ్యాయుని పోషించు నేర్పాటు చేసిరి. ఎక్కడి రగ్బీ, ఎక్కడి బందరు! ఒక పాఠశాల మరియొక పాఠశాలకు ఉపాధ్యాయుని పంపుట యెంత చక్కని సంగతి!

1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన వచ్చినది. 1977లో దివిసీమను ముంచిన ఉప్పెన గూర్చి పెద్దలవలన వినిన మన పిల్లలకు దీనిని వర్ణింప పనిలేదు. తుపానుతో పొంగిన సముద్రము చీకటిలో పట్టణముపై బడి సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకొన్నది. షార్కీగారి దంపతులు నడుపుచుండిన బాలికల వసతిపాఠశాలలో పలువురు బాలికలు ఆ నీటిలోనే ప్రాణములు విడిచిరి. నోబుల్‌గారు బ్రతికి బయటపడిరి గాని, అప్పటికే సడలిన దేహము మరల కోలుకొనలేదు. మరుసటి సంవత్సరము 1865 అక్టోబరు 17వ తేదీన బందరులోనే పరమపదించిరి. ఆయనకు వయస్సు 56. భార్య లేదు, బిడ్డలు లేరు.

తరువాత జాన్ షార్పుగారు పాఠశాల భారమును వహించిరి. అది కళాశాలగా పెరిగి నోబుల్‌గారి పేరు ధరించినది. బ్రహ్మసమాజికులైన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు కొంతకాలమచట అధ్యాపకులుగా నుండిరి. ఆయన శిష్యులైన కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావుగారలు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారితో గూడి 1910లో అదే పట్టణమున ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. చేతిపనులకును తెలుగునకును పెద్దపీట వేసిన ఆ విద్యాలయమును నోబుల్‌గారు కలలోనైన ఊహించియుండరు.