చేతులు కడుక్కోని శాస్త్రవేత్త

ఈసారి నేను ఫాల్‌బెర్గ్ గురించి రాస్తున్నాను.

ఈయన 1850లో రష్యాలో పుట్టాడు. రసాయన శాస్త్రం చదివాడు. 1879లో అమెరికాలోని బాల్టిమోర్‌లో రెంసెన్ అనే ప్రొఫెసర్ గారి ల్యాబులో పని చేసేవాడు. బొగ్గు తారు నుంచి వచ్చే పదార్థాల మీద ప్రయోగాలు చేసేవారు.

ఒకరోజు రాత్రి చేతులు కడుక్కోకుండానే తినడానికి కూర్చున్నాడు. రొట్టె తియ్యగా ఉంది. వేళ్ళు నాకితే ఇంకా తీపి! వెంటనే ల్యాబుకు పరుగెత్తి అన్ని గిన్నెల్లోవీ రుచి చూశాడు. విషం ఉంటే చచ్చిపోయేవాడే. మనం మాత్రం అట్లా చెయ్యకూడదు.

అట్లా దొరికిందే శాకరిన్. చక్కెర కన్నా సుమారు 300 రెట్లు తీపి. కానీ ఒంట్లో అరగదు, మూత్రంలో అట్లాగే పోతుంది. అందుకే బలం ఇవ్వదు. షుగరు జబ్బు ఉన్నవాళ్ళు చక్కెర బదులు వాడతారు.

మొదట ఇద్దరి పేర్లతో పేపరు వచ్చింది. తర్వాత ఫాల్‌బెర్గ్ రెంసెన్ గారి పేరు లేకుండా పేటెంటు తీసుకున్నాడు. జర్మనీలో ఫ్యాక్టరీ పెట్టి బాగా సంపాదించాడు. రెంసెన్ గారికి చాలా కోపం వచ్చింది. 1910లో ఫాల్‌బెర్గ్ చనిపోయాడు.

తీపి కనిపెట్టింది ఆయన నాలుకే, నిజమే. కానీ ల్యాబు, చూపిన దారి రెంసెన్ గారివి. ఇద్దరి పేర్లూ ఉండాల్సిందని నా అభిప్రాయం. మనలో ఇద్దరు కలిసి ప్రయోగం చేస్తే ఇద్దరి పేర్లూ రాసుకుందాం.

– 9వ తరగతి విద్యార్థిని