అమ్మిన ధర పన్నెండున్నర వేలు, ఆటగాడి చేతికి రెండున్నర వేలు

కిష్టారెడ్డిపేట నుంచి పొద్దున్నే షిఫ్టుకు పోయే మనవాళ్లను అడిగి చూడండి. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల్లో ఏళ్లుగా పనిచేస్తున్నా చాలామంది పేర్లు కంపెనీ రిజిస్టరులో ఉండవు. కాంట్రాక్టరు పుస్తకంలో ఉంటాయి. తమ పేరు మీద కంపెనీ ఎంత కడుతోందో వాళ్లకు తెలియదు. చేతికొచ్చిందే జీతం. ఈ లెక్క మాకు పాతదే. అందుకే అమెరికాలో ఒక నల్లజాతి బాస్కెట్‌బాల్ ఆటగాడి జీవితం గురించి చదివినప్పుడు అది మాకు దూరదేశపు కథలా అనిపించలేదు.

ఆయన పేరు నథానియల్ క్లిఫ్టన్. జనం ‘స్వీట్‌వాటర్’ అని పిలుచుకున్నారు. 1922లో ఆర్కాన్సా రాష్ట్రంలో పుట్టారు. జాత్యహంకారం, పేదరికం తట్టుకోలేక దక్షిణాది నుంచి ఉత్తరాది పట్టణాలకు తరలిపోయిన లక్షలాది నల్లజాతి కుటుంబాల్లాగే ఆయన కుటుంబమూ షికాగో చేరింది. పిల్లవాడికి సోడా అంటే ప్రాణం. కొనే స్తోమత లేక సీసాలో నీళ్లు పోసి చక్కెర కలిపి ఇచ్చేవారట. ఆ తీపినీళ్లే ముద్దుపేరై జీవితాంతం నిలిచిపోయింది. నిజానికి ఆయన అసలు పేరు క్లిఫ్టన్ నథానియల్. ఇంటిపేరు పొడవైపోయి పత్రికల శీర్షికల్లో పట్టడం లేదన్నారని పేరు తిరగేసుకున్నారు.

న్యూ ఆర్లీన్స్‌లో నల్లజాతి విద్యార్థుల కోసం పెట్టిన జేవియర్ విశ్వవిద్యాలయంలో చదివారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేశారు. ఆ సైన్యంలోనూ నల్లవాళ్ల దళాలు వేరు, తెల్లవాళ్ల దళాలు వేరు. తిరిగొచ్చాక న్యూయార్క్ రెన్స్ అనే నల్లజాతి జట్టులో, 1948 నుంచి హార్లెమ్ గ్లోబ్‌ట్రాటర్స్‌లో ఆడారు. గ్లోబ్‌ట్రాటర్స్ ఆటగాళ్లంతా నల్లవాళ్లు, యజమాని ఏబ్ సాపర్‌స్టీన్ తెల్లవాడు. ఆటతోపాటు నవ్వులు పంచే జట్టుగా జనం వాళ్లను చూశారు. కానీ అదే జట్టు 1948లోనూ, 1949లోనూ తెల్లవాళ్ల మేటి జట్టు మినియాపొలిస్ లేకర్స్‌ను ఓడించింది. నల్లవాళ్లకు పెద్ద లీగులో ఆడే ప్రతిభ లేదనే మాట అక్కడితో చెల్లకుండా పోయింది. లేనిది ప్రతిభ కాదు, ప్రవేశం.

గ్లోబ్‌ట్రాటర్స్ ఊరూరా తిరిగి కాలేజీ మేటి ఆటగాళ్ల జట్టుతో పోటీలు ఆడేది. ఎదురు జట్టులోని తెల్ల కుర్రవాళ్లకు తమకంటే ఎక్కువ డబ్బు ముడుతోందని క్లిఫ్టన్‌కు తెలిసింది. జనం వచ్చేది తమను చూడటానికే, కూలి మాత్రం తమకే తక్కువ. అక్కడే యజమానితో చెడింది.

1950 వేసవిలో సాపర్‌స్టీన్ ఆయన కాంట్రాక్టును న్యూయార్క్ నిక్స్ జట్టుకు 12,500 డాలర్లకు అమ్మేశాడు. క్లిఫ్టన్ చేతికి వచ్చింది 2,500 డాలర్లు. అయిదు వేలకే అమ్మానని, అందులో సగం ఇస్తున్నానని యజమాని నమ్మబలికినట్టు తర్వాత బయటపడింది. అంటే సగం అన్నది అయిదో వంతు. మా వైపు కాంట్రాక్టర్లకు ఈ పాఠం ఎవరూ నేర్పనక్కర్లేదు. అసలు ధర దాచిపెడితే చాలు, మిగతా దోపిడీ దానంతటదే జరిగిపోతుంది.

ఆ ఏడాదే ఎన్‌బీఏలోకి నల్లజాతి ఆటగాళ్లు అడుగుపెట్టారు. అక్టోబర్ 31న ఎర్ల్ లాయిడ్, మర్నాడు చక్ కూపర్, నవంబర్ 4న క్లిఫ్టన్ తమ తొలి ఆటలు ఆడారు. క్లిఫ్టన్ మొదటి ఏటి జీతం సుమారు 7,500 డాలర్లు. ఆయన రావడంతోనే 1951లో నిక్స్ మొదటిసారి ఫైనల్‌కు చేరింది. 1952, 1953ల్లోనూ చేరింది. అయినా జట్టులో ఆయన పని గీత గీసినట్టు ఉండేది. బంతి పట్టి ఇవ్వాలి, ఎదుటివారిలో బలమైనవాణ్ణి కాపు కాయాలి. గ్లోబ్‌ట్రాటర్స్‌లో జనాన్ని ఊపేసిన విన్యాసాలు ఇక్కడ వద్దు. పాయింట్లు కొట్టి పేరు తెచ్చుకునే పని ఇతరులది. బరువు మోసే పని ఒకరిది, పేరు మరొకరిది అనే పంపకం మనకు తెలియనిదా?

1957లో, 34 ఏళ్ల వయసులో ఆయన్ను మొదటిసారి ఆల్‌స్టార్ ఆటకు ఎంపిక చేశారు. అదే ఏడాది నిక్స్ ఆయన్ను డెట్రాయిట్ జట్టుకు పంపేసింది. 1958తో ఆయన ఎన్‌బీఏ ఆట ముగిసింది.

డబ్బు సంగతి ఆ తర్వాతే మారింది. 1964 జనవరిలో బోస్టన్‌లో ఆల్‌స్టార్ ఆట టీవీలో ప్రసారం కావాల్సిన రాత్రి, పింఛను హామీ ఇస్తేగానీ బయటికి రామని ఆటగాళ్లు గదిలోనే కూర్చున్నారు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసే కూర్చున్నారు. హామీ వచ్చింది. మరుసటి ఏడాదికే విల్ట్ చాంబర్లిన్ లక్ష డాలర్ల జీతం అందుకున్నాడు. కానీ అప్పటికే ఆట మానేసినవాళ్లను ఆ పింఛను పథకం బయటే ఉంచింది. తలుపు తెరిచినవాళ్లే గడప అవతల మిగిలిపోయారు. వాళ్లు మరో రెండు దశాబ్దాలకు పైగా కొట్లాడాల్సి వచ్చింది.

క్లిఫ్టన్ షికాగోలో టాక్సీ నడిపారు. ఏళ్ల తరబడి నడిపారు. 1990 ఆగస్టు 31న టాక్సీలోనే గుండెపోటుతో చనిపోయారు. వయసు 67. 2014లో, అంటే 24 ఏళ్ల తర్వాత, బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేర్చారు. ఇప్పుడు నిక్స్ జట్టు సమాజసేవ చేసేవాళ్లకు ఆయన పేరిట పురస్కారం ఇస్తోంది.

టాక్సీ నడపడం చిన్నతనమని మేం అనడం లేదు. అది కష్టార్జితం. మా ప్రశ్న వేరు. ఆయన ఆడితే నిండిన గ్యాలరీల డబ్బు ఎక్కడికి పోయింది?

మన దగ్గర పల్వాంకర్ బాలూ కథా ఇదే. పూనాలో నెలకు నాలుగు రూపాయల జీతానికి క్రికెట్ మైదానం చూసుకున్న ఆ దళితుడు, 1911 ఇంగ్లండ్ పర్యటనలో 114 వికెట్లు తీశాడు. హిందూ జట్టుకు కెప్టెన్ మాత్రం చేయలేదు. మైదానంలో బంతి ముట్టుకోనిచ్చినవాళ్లే, టీ విరామంలో ఆయనకు బయట మట్టి ముంతలో టీ పోశారు.

పొగడ్తలు ఆలస్యంగానైనా వస్తాయి. డబ్బు అలా రాదు. సమయానికి లెక్క అడిగితేనే వస్తుంది. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమానే కట్టాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టమే చెప్పింది. ఉద్యోగుల పింఛను పథకంలో 2014లో నిర్ణయించిన కనీస పింఛను నెలకు వెయ్యి రూపాయలు. ఆ వెయ్యి రావాలన్నా పేరు పీఎఫ్ ఖాతాలో ఉండాలి, పదేళ్ల సర్వీసు కనబడాలి. కాంట్రాక్టరు మారిన ప్రతిసారీ కొత్త నంబరు పడితే, పాత ఖాతా కలపకపోతే ఆ పదేళ్లు కాగితం మీద ముక్కలవుతాయి.

అందుకే చదువుకున్న తమ్ముళ్లను, చెల్లెళ్లను మేం కోరేది ఒక్కటే. ఈ ఆదివారం ఇంట్లో అమ్మదో నాన్నదో పీఎఫ్ ఖాతా తెరిచి చూడండి. ఎన్నేళ్లు పడ్డాయో, ఎన్ని ఎగిరిపోయాయో రాసిపెట్టండి. క్లిఫ్టన్‌కు తన అసలు ధర తెలిసేసరికి ఆలస్యమైంది. మనవాళ్లకు ముందే తెలియాలి.