కర్నల్ సి. కె. నాయుడు

వంశముచేత పెద్దలైనవారు కొందరు, పదవిచేత పెద్దలైనవారు కొందరు. చేతి నేర్పుచేతనే పెద్దవాడై, ఆ పెద్దరికమును లోకముచేత ఒప్పించినవాడు కర్నల్ సి. కె. నాయుడు. సెలవుదినమున గోదావరిఖని, రామగుండము ప్రాంతములలో ఖాళీస్థలము దొరికినచో చాలును, గని కార్మికుల పిల్లలు మూడు కర్రలు పాతి క్రికెట్టు మొదలుపెట్టుదురు. భారతదేశపు మొట్టమొదటి టెస్టు జట్టును నడిపినవాడు తెలుగువాడని ఆ పిల్లలు తప్పక ఎరుగవలెను.

ఆయన పూర్తి పేరు కొఠారి కనకయ్య నాయుడు. ఆంధ్రదేశమునుండి వలసపోయి నాగపురమున స్థిరపడిన కుటుంబమున 1895 అక్టోబరు 31వ తేదీన జన్మించెను. 1916లో బొంబాయిలో హిందూ జట్టు పక్షమున ఐరోపా జట్టుపై మొదటి పెద్ద ఆట ఆడెను. ఆ ఆటలో ఆయన చేసిన తొలి పరుగులే సిక్సరు. 1923లో ఇందూరు ప్రభువగు హోల్కరు మహారాజు ఆయనను పిలిపించి తన సైన్యమున ఉద్యోగమిచ్చెను. కర్నల్ అను బిరుదు అట్లు వచ్చినది.

1926 డిసెంబరులో ఇంగ్లండునుండి ఎం. సి. సి. జట్టు బొంబాయికి వచ్చెను. ఆ జట్టుపై నాయుడు రెండు గంటలలోపలనే 153 పరుగులు చేసెను. అందు 11 సిక్సర్లు. చోటు చాలక జనులు చెట్లపైనను, మేడలపైనను ఎక్కి చూచిరి. పాలకుల ఆటలో పాలితులు వారికి తీసిపోరని ఆనాడు అందరికిని తెలిసినది. రెండేండ్లకు, 1928లో, భారత క్రికెట్టు బోర్డు ఏర్పడెను.

1932లో మన జట్టు ఇంగ్లండు వెళ్ళినది. ఆ కాలమున నాయకత్వము రాజులకే చెందునను భావము బలముగా ఉండెను. పోరుబందరు మహారాజు నాయకుడుగను, లింబ్డీ రాజకుమారుడు ఉపనాయకుడుగను నియమింపబడిరి. టెస్టుకు ముందు రాజకుమారుడు గాయపడెను. మహారాజు తన ఆట తాను ఎరిగినవాడగుటచే స్వయముగా తప్పుకొనెను. ఆ తప్పుకొనుట ఆయనకు గౌరవమే తెచ్చినది. ఇట్లు జూన్ 25వ తేదీన లార్డ్స్ మైదానమున కిరీటము లేని నాయుడు దేశమునకు నాయకుడయ్యెను. మనవారు 19 పరుగులకే ఇంగ్లండు వికెట్లు మూడు పడగొట్టిరి. నాయుడు బంతిని పట్టబోయి చేయి గాయపరచుకొనియు, మొదటి ఇన్నింగ్సులో మన జట్టున అందరికంటె ఎక్కువగా 40 పరుగులు చేసెను. 158 పరుగుల తేడాతో ఓడినను మన జట్టు పరువు నిలిచినది. ఆ పర్యటనలో ఆయన మొదటి తరగతి ఆటలలో 1618 పరుగులు చేసి 65 వికెట్లు తీసెను. ఇంగ్లండున విజ్డెన్ వార్షికగ్రంథము ప్రతి సంవత్సరము ఎన్నుకొను ఐదుగురు ఉత్తమ క్రీడాకారులలో 1933లో ఆయనను చేర్చినది. అంతకుముందు భారత జట్టు ఆటగానికి ఈ గౌరవము దక్కలేదు.

అయినను 1936లో నాయకత్వము మరల రాజవంశమునకే పోయెను. విజయనగర రాజకుమారుడు విజయానంద గజపతిరాజు నాయకుడయ్యెను. ఆయనయు తెలుగువాడే, ఆటయందు మక్కువ కలవాడే. కాని మూడు టెస్టులలో ఆయన చేసిన పరుగులు మొత్తము 33. జట్టులో కలతలు రేగెను. లాలా అమరనాథ్ పర్యటన నడుమనే ఇంటికి పంపబడెను. నాయకుడుగా ఉండి సామాన్యుడైన నాయుడు అలిగి బ్యాటు దింపలేదు. ఓవల్ మైదానమున జరిగిన కడపటి టెస్టులో, ఆలెన్ వేసిన వేగపు బంతి దేహమునకు గట్టిగా తగిలినను నిలిచి 81 పరుగులు చేసెను. ఆయన టెస్టు జీవితమున అదియే అత్యధికము, అదియే చివరి టెస్టు. ఆడినవి ఏడు టెస్టులు, చేసినవి 350 పరుగులు.

టెస్టులు ముగిసినను ఆట ముగియలేదు. ఆయన నాయకత్వమున హోల్కరు జట్టు నాలుగు పర్యాయములు రంజీ కప్పు గెలుచుకొనెను. 1945-46 పోటీలో, ఏబదియేండ్ల వయస్సున, బరోడాపై 200 పరుగులు చేసెను. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన కాలముననే ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ పోటీలలో దిగెను. దానికి నాయకుడుగా నిలిచినవాడు ఏబదియెనిమిదేండ్ల నాయుడే. అరువదియొకటవ యేటను ఉత్తరప్రదేశ్ పక్షమున రంజీ ఆటలాడెను. 1956లో భారత ప్రభుత్వము పద్మభూషణ బిరుదమిచ్చి గౌరవించెను. 1967 నవంబరు 14వ తేదీన ఇందూరున ఆయన కన్నుమూసెను. క్రికెట్టు బోర్డు జీవితకాల సేవకు ఇచ్చు పురస్కారమునకు ఆయన పేరే పెట్టబడినది.

బంతి వేయువానికి ఎదుట నిలిచినవాడు రాజో, సామాన్యుడో తెలియనక్కరలేదు. వానికి కావలసినది వికెట్టు. గనిలో దిగినవానికిని అంతే. పనితనమే అక్కడ పేరు. నాయకత్వము చేతికి వచ్చినప్పుడు పొంగక, చేజారినప్పుడు క్రుంగక, తన పని తాను చేసికొనిపోయిన నాయుడుగారి జీవితము మన యువకులకు చదువదగిన గ్రంథము.