షోయబుల్లా ఖాన్: ‘ఇమ్రోజ్’ పత్రిక తొమ్మిది మాసాలు

హైదరాబాదు సంస్థానపు తుది దినాలలో ఉర్దూ పత్రిక నడిపి, అందులోని వ్రాతల కారణంగానే 27 ఏండ్ల ప్రాయంలో హత్యకు గురియైన షోయబుల్లా ఖాన్ పేరు తెలుగునాట వినని విద్యావంతులు అరుదు. అయితే పేరు ప్రచారంలో ఉన్నంతగా ఆయన చేసిన పని ప్రచారంలో లేదు. ఏటా ఆగస్టు మాసంలో ఆయన మరణాన్ని తలచుకొంటారు; ఆ మరణానికి దారితీసిన పత్రికారచనను గురించి ఎవరూ అంతగా ప్రస్తావించరు. ఉర్దూ, తెలుగు రెండు భాషలకూ చోటున్న ఈ సంచికలో ఆ లోటును కొంతవరకైనా పూరించుట మా ఉద్దేశం.

షోయబుల్లా ఖాన్ 1920 అక్టోబరు 17వ తేదీన ఖమ్మం ప్రాంతంలోని సుబ్రవేడులో జన్మించారు. ఖమ్మం అప్పట్లో వరంగల్ జిల్లాలో అంతర్భాగం. తండ్రి హబీబుల్లా ఖాన్ రైల్వే పోలీసు శాఖలో ఉద్యోగి. మానుకోట రైల్వే స్టేషనులో గాంధీ మహాత్ముని చూచి వచ్చిన తండ్రి, తన కుమారుని ముఖంలో ఆ పోలికలు కలవని మురిసిపోయి, ముద్దుగా గాంధీ పేరు కలిపి పిలిచేవారని ఒక కథ వాడుకలో ఉన్నది. ఇది ఎంతవరకు నిజమో గాని, పోలీసు ఉద్యోగి ఇంట ఆ కాలంలో అటువంటి పిలుపు వినవచ్చుట సామాన్య విషయం కాదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆయన పట్టభద్రులైనారు. 1918లో స్థాపితమైన ఆ విశ్వవిద్యాలయంలో అప్పుడు బోధన ఉర్దూలోనే సాగేది. ఆ పట్టంతో సర్కారు కొలువు సంపాదించుట ఆ రోజులలో ఒక ముస్లిం యువకునికి కష్టమేమీ కాదు. ఆయన దానిని కోరలేదు. ‘తేజ్’ అనే ఉర్దూ వారపత్రికలో స్వల్ప వేతనానికి చేరినారు. ఆ పత్రిక ప్రభుత్వాగ్రహానికి గురియై మూతబడగా, మందుముల నరసింగరావు గారి ‘రయ్యత్’ పత్రికకు మారినారు. రయ్యత్ అనగా రైతు, ప్రజ అని అర్థం. అదికూడ నిషేధం పాలైనది. రెండు పత్రికలు తన కండ్ల ముందే మూతబడినను ఆయన వృత్తి మార్చుకొనలేదు. మూడవదానిని తానే స్థాపించ నిశ్చయించినారు.

ఇక్కడ ఒక మాట చెప్పవలసి ఉన్నది. ఉర్దూ ఒక మతం వారి భాష అనే భావన నేటి విద్యార్థులలో బలంగా పాతుకొన్నది. నరసింగరావు గారు ఉర్దూ పత్రికా సంపాదకులు. షోయబుల్లాకు అండగా నిలిచిన బూర్గుల రామకృష్ణారావు గారు ఉర్దూ, పారశీకాలలో గొప్ప పండితులు. మా మొయినాబాదుకు పొరుగుననే ఉన్న పెద్దమంగళారంలో 1890లో జన్మించి, 1978లో ఏర్పడిన జిల్లాకు తమ పేరు నిలిపిపోయిన కొండా వెంకట రంగారెడ్డి గారు ఉర్దూ న్యాయస్థానాలలో వకీలుగా రాణించినవారే. మరొకవంక అడవి బాపిరాజు గారు సంపాదకులుగా వెలువడిన తెలుగు ‘మీజాన్’ పత్రికకు యజమాని ఒక ముస్లిం వ్యాపారి. భాషకు, మతానికి అప్పుడు నేడు వేసినంత ముడి లేదు. ఆ ముడి బిగిసిన కాలమే షోయబుల్లా జీవించిన కాలం. దానిని బిగించిన చేతులలో పత్రికల చేయి కూడ ఒకటి.

1941 జనాభా లెక్కలలో సంస్థానంలో సుమారు 1 కోటి 63 లక్షల జనం ఉండగా, అందులో ముస్లింలు నూటికి 13 మంది మాత్రమే. ప్రభువు ముస్లిం, పెద్ద కొలువులలో అధికసంఖ్యాకులు ముస్లింలు. ఈ రెండు నిజాలను పట్టుకొని మజ్లిసె ఇత్తెహాదుల్ ముస్లిమీన్ వారు, ప్రతి ముస్లిమూ పాలకుడే అను సిద్ధాంతాన్ని ప్రచారం చేసినారు. టాంగా తోలువాడు, మగ్గం నేయువాడు, జాగీర్దారు ఇంట నీళ్లు మోయువాడు కూడ పాలకులేనట! పాలితుడని పేరుబడిన పొరుగు రైతుతో సమానంగా పస్తులుండే ఆ పేదవానికి ఈ పాలకత్వం వల్ల ఒక్క పూట కూడు అధికంగా దొరకలేదు. బాధ్యతాయుత ప్రభుత్వం కావాలని షోయబుల్లా వాదించిన వాదంలోని అసలు బలం ఇక్కడ ఉన్నదని మా అభిప్రాయం. అధికారం ప్రజలందరికీ చెందితే, ఈ కాగితపు పాలకునికి పోయేది ఏమీ లేదు.

1947 నవంబరు 15న ‘ఇమ్రోజ్’ దినపత్రిక ప్రారంభమైనది. ఇమ్రోజ్ అనగా ఈనాడు. ఇంటివారి నగలు అమ్మి, బూర్గుల వంటి మిత్రుల సహాయంతో పెట్టుబడి సమకూర్చినారని చెబుతారు. కార్యాలయం కాచిగూడలో. అప్పటికి భారత స్వాతంత్ర్యం వచ్చి మూడు మాసాలు. సంస్థానం ఇండియన్ యూనియన్లో చేరలేదు. ఆ నెలలోనే 29వ తేదీన యథాతథ ఒప్పందం జరిగినది. లాతూరు వకీలు కాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్ దళాలు గ్రామాల మీద పడుతున్న కాలమది.

రజాకార్ అను పదానికి ఉర్దూలో స్వచ్ఛంద సేవకుడని అర్థం. ఎంత అందమైన మాట! ఊళ్లు తగులబెట్టువానికి, ధాన్యం దోచువానికి కూడ ఆ మాటనే వాడుతూ వార్త వ్రాసినచో, చదువరికి అక్కడ జరిగినది సేవయే అనిపించును. సంస్థాన ప్రభుత్వాన్ని సమర్థించే పత్రికలలో దౌర్జన్యాల వార్తలు కనిపించేవి కావు. కనిపించినను వైరిపక్షపు దుష్ప్రచారమనే పేరుతో కనిపించేవి. సరిహద్దులు దాటి విజయవాడ, షోలాపూరు వైపు తరలిపోతున్న వేలాది హిందూ కుటుంబాలు పుకార్లకు బెదరినవారు మాత్రమే. అదే సమయంలో మధ్య పరగణాల నుండి, బీరారు నుండి, ఇతర ప్రాంతాల నుండి ప్రాణభీతితో హైదరాబాదుకు వచ్చిచేరిన ముస్లిం కుటుంబాలు మాత్రం పనాహ్ గుజీన్‌లు, అనగా ఆశ్రయార్థులు. వారి కష్టాలు నిజమైనవే. ఆ కష్టాలు అచ్చులో కనిపించుట న్యాయమే. అయితే ఒకే దారిలో ఎదురుపడిన రెండు గుంపులలో ఒకదానికి కన్నీరు, మరొకదానికి అపనింద దక్కినది.

యూనియన్ వైపు పత్రికలు దీనికి భిన్నంగా వ్రాసినవని చెప్పలేము. అక్కడ తరలివచ్చిన హిందువు శరణార్థి. సంస్థానంలోని ముస్లిములందరూ రజాకార్లు. రజాకార్లను అసహ్యించుకొను ముస్లిం ఒకడు ఉండునని ఆ పత్రికల పాఠకునికి తెలియు అవకాశమే తక్కువ.

ఇమ్రోజ్ ఈ రెంటి నడుమ పుట్టినది. 1948 జనవరి 29న వెలువడిన వ్యాసంలో షోయబుల్లా, సంస్థానంలో పగలు ఒక ప్రభుత్వం, రాత్రి మరొక ప్రభుత్వం నడుస్తున్నవని విమర్శించినారు. పగటిది నిజాముది, రాత్రిది రజాకార్లది. తెలుగు పత్రికలో, ఆంగ్ల పత్రికలో ఇది వచ్చియుంటే ప్రభుత్వం దానిని పరాయి మాటగా త్రోసిపుచ్చేది. రజాకార్లు చదివే భాషలో, వారి వీధిలో, వారి మతానికే చెందిన సంపాదకుడు వ్రాసినందున ఆ పని సాధ్యం కాలేదు. ఆయనను ద్రోహి అని పిలిచినారు. బెదిరింపు లేఖలు వచ్చినవి. మిత్రులు జాగ్రత్త చెప్పినారు. పత్రిక ఆగలేదు.

1948 ఆగస్టు 13న ఏడుగురు ముస్లిం ప్రముఖులు ఒక ప్రకటన చేసినారు. రజాకార్ సంస్థను రద్దు చేయవలెనని, సంస్థానం యూనియన్లో చేరవలెనని దాని సారం. ఇమ్రోజ్ దానిని ప్రచురించినది. ప్రచురించుట అనునది చిన్న మాటగా కనిపించును గాని, సంతకాలు చేసినవారి ధైర్యాన్ని ఊరంతటికీ తెలియజేసినది ఆ అచ్చుకాగితమే. తరువాత కొద్ది దినాలకు, 19వ తేదీన, జమురుద్ మహల్ సభలో కాసిం రజ్వీ తమకు విరుద్ధంగా లేచే చేతులను నరికివేయవలెనని ప్రసంగించినట్లు చరిత్రకారులు వ్రాసినారు.

ఆగస్టు 21వ తేదీ రాత్రి పని ముగించుకొని, అర్ధరాత్రి దాటిన పిదప షోయబుల్లా తన బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో కలిసి ఇంటికి నడచిపోతున్నారు. కాచిగూడలోనే, ఇల్లు చేరకముందే, దుండగులు అడ్డగించినారు. తుపాకి పేల్చి ఆయనను పడగొట్టి, వ్రాసిన చేతిని నరికినారు. అడ్డుపడిన ఇస్మాయిల్ ఖాన్ చేయి కూడ తెగినది. 22వ తేదీ తెల్లవారకముందే షోయబుల్లా కన్నుమూసినారు. అంతిమయాత్రకు ప్రభుత్వం అనుమతించలేదు. ఒక సంపాదకుని శవాన్ని చూచి జనం ఏమి తెలుసుకొందురోనని భయపడిన ప్రభుత్వం, మరునాటి వార్తలను గురించి ఎంత భయపడి ఉండవలెనో ఊహించుకొనవచ్చును.

ఆ తరువాత 5 దినాలకు, ఆగస్టు 27న, భైరాన్‌పల్లి గ్రామంలో రజాకార్లు, నిజాం పోలీసులు కలిసి అనేకులను కాల్చి చంపినారు. సెప్టెంబరు 13న యూనియన్ సైన్యాలు ప్రవేశించినవి. 17న నిజాం లొంగిపోయినారు. సేనలు, ట్యాంకులు, విమానాలతో సాగిన ఆ యుద్ధానికి పోలీసు చర్య అని పేరు. పత్రికలు ఆ పేరునే వ్రాసినవి. నేటికీ మనం ఆ పేరునే వాడుచున్నాము.

ఇక్కడితో ఈ జీవితకథను ముగించుట ఆచారం. కాని మేము మరికొంత దూరం పోదలచినాము. సైనిక చర్య జరిగిన దినాలలోను, ఆ తరువాతను మరాఠ్వాడా, కర్ణాటక ప్రాంతాలలోను, తెలంగాణలో కొన్ని చోట్లను ముస్లిములపై ఘోరాలు జరిగినవి. ప్రధాని నెహ్రూ పండిత సుందర్‌లాల్ నాయకత్వాన ఒక బృందాన్ని పంపినారు. అందులో ఒక సభ్యులు కాజీ అబ్దుల్ గఫార్. వీరు లోగడ హైదరాబాదులో ‘పయామ్’ అనే ఉర్దూ పత్రికను స్థాపించినవారు. 1948 నవంబరు, డిసెంబరు మాసాలలో వారు జిల్లాలు తిరిగి, మృతుల సంఖ్య తక్కువలో తక్కువ 27,000 నుండి 40,000 వరకు ఉండునని అంచనా వేసినారు. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. 2013లో గాని చదువరులకు అందుబాటులోనికి రాలేదు. రజాకార్ల రాత్రులను అచ్చువేయని పత్రికలు కొన్ని, ఈ రాత్రులను అచ్చువేయని పత్రికలు మరికొన్ని. మొదటి రాత్రులను గురించి వ్రాసిన షోయబుల్లా రెండవ రాత్రులు వచ్చునాటికి లేరు. ఆయన ఉండి ఉంటే ఏమి వ్రాసేవారో ఊహించి ఆయన నోట మాటలు పెట్టుట మర్యాద కాదు. అటువంటి కలం ఒకటి తక్కువైనదని మాత్రం చెప్పగలము.

ఆయన స్మృతిని గురించి మాకు ఒక ఫిర్యాదు ఉన్నది. సభలలో, వార్తలలో ఆయనను తన మతం వారందరికంటె వేరైన ఒకే ఒక మంచి ముస్లింగా చూపుట పరిపాటి అయినది. ఇది పొగడ్త వేషంలో ఉన్న నింద. ఆయన ప్రచురించిన ప్రకటనపై సంతకాలు చేసిన ఏడుగురు ఎవరు? పక్కన నడచి చేయి పోగొట్టుకొన్న ఇస్మాయిల్ ఖాన్ ఎవరు? పోలీసు శాఖ జీతంపై బ్రతుకుతూ కుమారుని పత్రికారంగానికి విడిచిపెట్టిన తండ్రి ఎవరు? తొమ్మిది మాసాలు ఇమ్రోజ్‌ను కొని చదివిన ఉర్దూ పాఠకులు ఎవరు? పాఠకులు లేని పత్రికకు శత్రువులు ఉండరు.

కాసిం రజ్వీ కారాగారశిక్ష అనుభవించి 1957లో పాకిస్తాన్ వెళ్లిపోయినారు. ఇస్మాయిల్ ఖాన్ తెగిన చేతితో బ్రతికి బయటపడినారు. సంపాదకుని మరణంతో ఇమ్రోజ్ కథ కూడ ముగిసినది. మా ఉర్దూ శాఖ విద్యార్థులలో పాత పత్రికలు చదువగల ఓపిక ఉన్నవారు అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి, 1947-48 నాటి ఉర్దూ, తెలుగు పత్రికలను పక్కపక్కన పెట్టుకొని ఒకే దినపు వార్తను రెంటిలోను చదివి, అనువదించి తెచ్చినచో, రాబోవు సంచికలో వాటికి చోటు కల్పించగలము.