కాలాన్ని లెక్కగట్టిన విద్వాంసుడు అల్‌బిరూనీ

ఈ రోజున పుట్టిన ప్రముఖుడెవరు? ఫలానా యుద్ధం ఏ తేదీన జరిగింది? ఇలాంటి ప్రశ్నలకు మన పిల్లలు తడుముకోకుండా జవాబులు చెబుతున్నారు. సంతోషించదగిన విషయమే. అయితే ఆ తేదీ ఎవరి లెక్క ప్రకారం చెప్పింది? హిజ్రీ, క్రీస్తు, శాలివాహన శకాలలో ఒకదానిలోని రోజు మరొకదానిలో ఏ రోజవుతుంది? దీన్ని వెయ్యేళ్ళ క్రితమే శాస్త్రంగా పరిశీలించిన మహావిద్వాంసుడు అబూ రైహాన్ అల్‌బిరూనీ. ఆయన జీవితాన్ని కొంచెం తెలుసుకుందాం.

ఆయన హిజ్రీ 362 జుల్‌హజ్జా 3న, అంటే క్రీ.శ. 973 సెప్టెంబరు 4న జన్మించారు. ఊరు ఖ్వారిజమ్ రాజ్యపు రాజధాని కాస్ నగర శివారు. ఆ ప్రాంతం నేడు ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. ఉర్దూ వచ్చినవారికి ‘బేరూన్’ అనే మాట తెలిసిందే. వెలుపల అని అర్థం. నగరానికి వెలుపలివాడు కనుక బిరూనీ అయ్యారని పెద్దలు చెబుతారు. రాజవంశీకుడైన గణితవేత్త అబూ నస్ర్ మన్సూర్ ఆయనకు గురువు. 995లో ఆ వంశం అధికారం కోల్పోగా ఇరవై రెండేళ్ళ బిరూనీ స్వస్థలం విడిచి వెళ్ళవలసి వచ్చింది.

ఆ కష్టాలలోనూ చదువు ఆగలేదు. 997లో ఒక చంద్రగ్రహణాన్ని ఆయన కాస్‌లో, అబుల్ వఫా అనే ఖగోళవేత్త బాగ్దాదులో ముందే అనుకుని గమనించారు. గ్రహణం ఒక్కటే అయినా స్థానిక సమయం రెండు చోట్లా వేరు. ఆ తేడాను బట్టి రెండు నగరాల రేఖాంశాల మధ్య దూరాన్ని లెక్కకట్టారు.

తరువాత గుర్గాన్ పాలకుడు ఖాబూస్ ఆశ్రయంలో, క్రీ.శ. 1000 ప్రాంతంలో ‘అల్ ఆసారుల్ బాఖియా’ అనే గ్రంథం రాశారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏడు. రోజు అంటే ఏమిటన్న ప్రశ్నతోనే అందులో విచారణ మొదలవుతుంది. అరబ్బులకు రోజు సూర్యాస్తమయంతో ఆరంభమవుతుంది, పారశీకులకు సూర్యోదయంతో. చాంద్రమాన సంవత్సరం సౌరమానం కంటే సుమారు 11 రోజులు తక్కువ. రంజాన్ ఒకప్పుడు ఎండల్లో, మరొకప్పుడు చలికాలంలో రావడానికి కారణం ఇదే. యూదులు, క్రైస్తవులు, పారశీకులు, సోగ్దులు, ఇస్లాంకు పూర్వపు అరబ్బులు తమ శకాలను, పండుగలను ఎలా లెక్కించేవారో ఆయన పట్టికలు వేసి వివరించారు. ఏ జాతి ఆచారాన్నీ ఎగతాళి చేయలేదు. అలాగని లెక్కకు నిలవని మాటను ఎవరు చెప్పినా ఒప్పుకోలేదు.

1017లో ఘజ్నీ సుల్తాన్ మహమూద్ ఖ్వారిజమ్‌ను జయించి, అక్కడి పండితులతో పాటు బిరూనీని కూడా ఘజ్నీకి తరలించాడు. నలభై నాలుగేళ్ళ వయసులో ఇష్టాయిష్టాలతో పనిలేని కొలువు! ఆయన నిరాశపడి కూర్చోలేదు. భారత భూమికి వచ్చి సంస్కృతం నేర్చారు. పతంజలి యోగశాస్త్రాన్ని అరబ్బీలోకి తెచ్చారు. నందనా కోట వద్ద కొండ ఎత్తును, శిఖరం నుండి దిగంతం వంగి కనిపించే కోణాన్ని కొలిచి భూమి వ్యాసార్థాన్ని గణించారు.

1030 ప్రాంతంలో ‘కితాబుల్ హింద్’ పూర్తయింది. మహమూద్ దండయాత్రలు ఈ దేశ సంపదను నాశనం చేశాయని, అందువల్ల హిందువుల విద్యలు కాశ్మీరం, వారణాసి వంటి దూర ప్రాంతాలకు తరలిపోయాయని ఆయన అందులో దాచకుండా రాశారు. ఆ సుల్తాన్ వంశం నీడలో బ్రతుకుతూ ఇంత మాట రాయడం సామాన్య విషయం కాదు. అదే గ్రంథంలో యజ్దగిర్ద్ శకం 400వ సంవత్సరానికి శక సంవత్సరం 953, విక్రమ సంవత్సరం 1088, గుప్త సంవత్సరం 712 అని సరిపోల్చారు. అంటే శక సంవత్సరానికీ గుప్త సంవత్సరానికీ 241 ఏళ్ళ తేడా. గుప్త రాజుల కాలాన్ని నిర్ణయించడంలో తరువాతి చరిత్రకారులకు ఈ మాట గొప్ప ఆధారమైంది.

ఆయన వందకు పైగా గ్రంథాలు రచించారు. అందరి తేదీలనూ సరిచూసిన ఆ విద్వాంసుని మరణ సంవత్సరంపై మాత్రం ఏకాభిప్రాయం లేదు; 1048 అని కొందరు, 1050 తరువాత అని కొందరు అంటారు. అవసాన దశలో ఒక ధర్మశాస్త్రవేత్త పరామర్శకు రాగా, వారసత్వ వాటాల లెక్కలో తనకున్న సందేహాన్ని బిరూనీ అడిగారట. ఈ స్థితిలో ఇదెందుకని ఆయన ఆశ్చర్యపోతే, తెలియకుండా పోవడం కంటే తెలుసుకుని పోవడం మేలు కదా అన్నారట. జవాబు చెప్పి ఆ పెద్దమనిషి వీధిలోకి వచ్చేసరికే ఇంట్లో నుండి ఏడుపులు వినిపించాయని చరిత్రకారుడు యాఖూత్ తెలిపాడు.

మన హైదరాబాదుకూ ఆయన రుణం కొంత తీర్చుకునే భాగ్యం దక్కింది. దాయిరతుల్ మఆరిఫ్ ఉస్మానియా సంస్థ 1954-56 మధ్య ఆయన ఖగోళ గ్రంథం ‘అల్ ఖానూనుల్ మస్ఊదీ’ని మూడు సంపుటాలుగా, 1958లో ‘కితాబుల్ హింద్’ అరబ్బీ మూలాన్ని ముద్రించింది.

ఉపాధ్యాయులమైన మేము పిల్లలకు చెప్పేది ఒక్కటే. తేదీ గుర్తుంచుకోండి, బహుమతి తెచ్చుకోండి. ఆ తేదీ ఎలా తేలిందో కూడా అడగండి. పొరుగువాని పండుగ ఏ లెక్కన వస్తుందో వానినే అడిగి, గౌరవంతో తెలుసుకోండి. బిరూనీ జీవితం మనకు నేర్పే పాఠం అదే.