పరదేశంలో రామానుజన్

విద్యార్జనకై స్వదేశాన్ని విడిచి వెళ్లినవారికి అక్కడి గ్రంథాల కంటె అక్కడి దైనందిన జీవితమే ఒక్కొక్కప్పుడు కఠినమైన పాఠమవుతుంది. గణితశాస్త్రంలో అసమాన ప్రతిభాశాలి శ్రీనివాస రామానుజన్ జీవితమే ఇందుకు నిదర్శనం.

రామానుజన్ 1887 డిసెంబరు 22న తమిళదేశంలోని ఈరోడ్‌లో జన్మించాడు. బాల్యం కుంభకోణంలో గడిచింది. గణితం మినహా ఇతర విషయాలపై శ్రద్ధ చూపనందున కళాశాల పరీక్షలలో ఉత్తీర్ణుడు కాలేకపోయాడు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా చేరాడు. 1913 జనవరిలో తాను కనుగొన్న సిద్ధాంతాలను కేంబ్రిడ్జిలోని గణితవేత్త హార్డీకి లేఖలో వ్రాసి పంపాడు. వాటి విలువను గ్రహించిన హార్డీ అతనిని ఇంగ్లండుకు ఆహ్వానించాడు.

సముద్రయానం ఆచారవిరుద్ధమని భావించే కుటుంబం వారిది. అందువల్ల రామానుజన్ మొదట సమ్మతించలేదు. చివరకు తల్లి అనుమతి లభించింది. పిలక తీయించి, పాశ్చాత్య దుస్తులు ధరించి, 1914 మార్చి 17న మద్రాసులో ఓడ ఎక్కాడు.

ట్రినిటీ కళాశాలలో అతని మేధస్సుకు తగిన గౌరవం లభించింది. కాని నిత్యజీవితం అడుగడుగునా చిక్కులు తెచ్చిపెట్టింది. బూట్లు పాదాలను బాధించేవి. శాకాహార నియమం వల్ల కళాశాల భోజనశాలకు వెళ్లక, తన గదిలోనే వండుకునేవాడు. అదే సంవత్సరం ఆగస్టులో ప్రపంచయుద్ధం ప్రారంభమై, అవసరమైన ఆహారపదార్థాలు దొరకడం కష్టమైంది. పరిశోధనలో లీనమై వేళకు భుజించేవాడు కాదు.

అక్కడి చలి మరొక పరీక్ష. రాత్రివేళ పొడవాటి కోటు తొడుక్కొని, శాలువా కప్పుకొని పడుకున్నా వణుకు తగ్గేది కాదు. అప్పుడు కేంబ్రిడ్జిలో విద్యార్థిగా ఉన్న మహలనోబిస్ ఈ సంగతి తెలిసి పడకను పరిశీలించాడు. కంబళ్లు పరుపు కిందికి చక్కగా మడిచి ఉన్నాయి. వాటి లోపలికి దూరి పడుకోవాలని తెలియక రామానుజన్ వాటిపైనే శయనిస్తున్నాడు! అక్కడివారికది చెప్పవలసిన సంగతిగా తోచలేదు. అడగవలసిన సంగతి ఒకటుందని ఇతనికి తెలియదు.

ఒకసారి భారతీయ మిత్రులను విందుకు పిలిచి స్వయంగా వండి వడ్డించాడు. రెండుసార్లు చారు వడ్డించుకున్న అతిథులు మూడవసారి వద్దన్నారు. తన ఆతిథ్యాన్ని తిరస్కరించారని నొచ్చుకొని, ఎవరికీ చెప్పకుండా గది విడిచి వెళ్లిపోయాడు. కొన్ని దినాలకు గాని తిరిగి రాలేదు. ఒంటరితనం ఆ మనస్సును ఎంత సుకుమారం చేసిందో ఈ సంఘటన తెలుపుతుంది.

1917లో తీవ్రమైన అనారోగ్యం ప్రాప్తించింది. వైద్యులు క్షయ అని అనుమానించారు. కాలేయానికి సోకిన అమీబా వ్యాధి కావచ్చునని 1994లో ఒక పరిశీలన సూచించింది. ఆరోగ్యశాలలలోని ఆహారం అతనికి రుచించలేదు. ఆ దశలోనే, 1918లో, రాయల్ సొసైటీ సభ్యత్వమూ ట్రినిటీ ఫెలోషిప్పూ లభించాయి.

1919లో స్వదేశానికి చేరుకున్నా ఆరోగ్యం కుదుటపడలేదు. రోగశయ్యపై నుండే మాక్ థీటా ప్రమేయాల గురించి హార్డీకి వ్రాశాడు. 1920 ఏప్రిల్ 26న, 32 సంవత్సరాల వయస్సులో పరమపదించాడు.

అనంతమైన సంఖ్యాశ్రేణుల రహస్యాలను ఒంటరిగా ఛేదించిన ఆ మేధావికి కూడా పరాయి దేశంలో కంబళి కప్పుకునే తీరు చెప్పే మిత్రుడొకడు అవసరమయ్యాడు. కొత్తగా వచ్చినవారి మౌనం వెనుక ఏ ఇబ్బంది దాగి ఉన్నదో విచారించడం స్థానికుల ధర్మం. తెలియనిదానిని సంకోచించక అడగడం పరదేశికి శ్రేయోదాయకం.